మంగళయానం: నాలుగవ విడత

2013 నవంబరు 5న శ్రీహరికోట నుండి బయలుదేరిన మంగళయానం, నెలాఖరు దాకా భూమి చుట్టూనే తిరుగుతూ విడతలవారీగా కక్ష్యను పెంచుకున్నది. నాలుగవ విడత నవంబరు 11న. ఇంజనుకు ఇంధనం వదిలే కవాటంలోని రెండు విద్యుత్ చుట్టలను, అసలుదానిని, అదనపుదానిని, ఒకేసారి పనిచేయించి చూశారు. ప్రవాహం ఆగిపోయింది. 440 న్యూటన్ల ఇంజను మూగబోగా, నౌకలో ముందే అమర్చిన తర్కం తనంతట తానే 22 న్యూటన్ల చిన్న థ్రస్టర్లకు భారమప్పగించింది. సెకనుకు 130 మీటర్లు పెరగవలసిన వేగం 35 మాత్రమే పెరిగింది. మరునాటి అదనపు జ్వలనంతో ఆ లోటు తీరింది.

ఎదురుదెబ్బ అన్నారు కొందరు. నాకు మాత్రం ఆ థ్రస్టర్లే గుర్తుండిపోయాయి. 2014 సెప్టెంబరు 24న అంగారకుని వద్ద ఇంజను మండవలసినది సుమారు 24 నిమిషాలు. సంకేతం ఒకవైపు ప్రయాణానికే పన్నెండు నిమిషాలు దాటేది. లోపం తెలిసి ఆదేశం పంపేలోగా అంతా అయిపోయేది. ఆ ఉదయం ఎనిమిది చిన్న థ్రస్టర్లూ ఇంజనుతో కలిసే మండాయి.