బొగ్గుగనుల సీమలో ఇంటి కర్ర

తెలుగువారి ఇంటి సామానును గూర్చి వెలువడిన వ్రాతలలో ఒక కథ పదేపదే వినవచ్చుచున్నది. గోదావరీ తీరారణ్యములలో టేకు సమృద్ధిగా ఉండెననియు, మన పూర్వులు ఆ టేకుతోనే మంచములు, పీటలు, సందుగలు చేయించుకొని తరతరములు వాడుకొనిరనియు, పిమ్మట ఇంటి మోజులును కలపదొంగలును కలిసి అడవిని హరింపగా నేటి గృహస్థుడు పొట్టుపలకలతో తృప్తిపడవలసి వచ్చెననియు ఆ కథ. రామగుండము, గోదావరిఖని, మంథని ప్రాంతముల ఇండ్లను, గనులను ఎరిగినవారు దీనిని యథాతథముగా అంగీకరింపజాలరు. టేకు ఇంటింటి కర్రగా ఉండుట పురాతనము కాదు. అది ఈ సీమలో బొగ్గుతో పాటు వచ్చిన అలవాటు. అడవి తరుగుదలలో ఇంటి మంచమునకు గల భాగము కూడ మనము ఊహించునంతటిది కాదు.

పూర్వచరిత్రము ప్రసిద్ధమే కనుక దానిని సంక్షేపించెదను. గోదావరి మీదుగా దిగివచ్చిన కలపతో 17వ శతాబ్దమున నరసాపురములోను, తరువాత కోరంగిలోను ఓడలు కట్టిరి. మలబారులో ఇంగ్లీషు కంపెనీవారు 1842లో నీలంబూరు టేకు తోటలను ఆరంభించిరి. బర్మా టేకు అడవులలో పనిచేసిన బ్రాండిస్ 1864లో హిందూదేశపు ప్రథమ అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యెను. ఓడకు, వంతెనకు, ఖజానాకు పనికివచ్చు చెట్టుగానే టేకు ఈ కాలమంతయు పేరుకెక్కినది. సామాన్యుడు దానిపై గొడ్డలి వేయుట నేరముగా పరిగణింపబడెను. నిజాం రాజ్యపు ఆదిలాబాదు అడవులలో గోండులకును అటవీశాఖకును నడిచిన వైరము, 1940లో కొమరం భీము మరణమునకు దారితీసిన ఆ పోరాటము, అడవిపై హక్కు ఎవరిదను ప్రశ్న చుట్టును తిరిగినవి. అట్టి చెట్టు ప్రతి గుడిసెలోను మంచపు కోడుగా నిలిచెననుట విశ్వసనీయము కాదు.

పల్లెటూరి వడ్లవాని పనిని పరికించినచో విషయము తేటపడును. బండి చక్రమునకు, నాగలికి, గానుగకు నల్లతుమ్మ, దూలములకు నల్లమద్ది, తలుపులకు, పీటలకు, పెట్టెలకు వేప, స్థోమత గలవారి భవంతులలో స్తంభములకును దర్వాజలకును మాత్రము టేకు. తుమ్మను, వేపను నరికినవెంటనే వాడక, కొన్ని నెలలు చెరువు నీటిలో నానవేసి, అందలి పసరు, పిండిపదార్థము కరగిపోయిన పిదప నీడను ఆరబెట్టి, చేవను మాత్రము గ్రహించి, బెజ్జములో కుసి దూర్చి చీల బిగించెడివారు. ఈ సామాను మన్నిక పనివాని ఓర్పు వలన కలిగినది. చెట్టు కులము వలన కాదు. వృక్షశాస్త్రజ్ఞులు మహాగని కుటుంబములో చేర్చిన వేపను మనము నేడు చౌకకర్ర యని నిరసించుట ఆ ఓర్పును మరచుటయే.

అసలు వివాదమున్నది 1889 మొదలు 1990ల వరకు గల నూరేండ్లను గూర్చి. 1871లో ఇల్లెందు ప్రాంతమున డాక్టర్ విలియం కింగ్ బొగ్గును గుర్తించెను. 1889లో త్రవ్వకము మొదలైనది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేర ఏర్పడినది. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గము పూర్తియై మద్రాసును ఢిల్లీతో కలిపినది. రైలుకు స్లీపర్లు కావలెను. గనికి అంతకంటె విచిత్రమైన ఆకలి గలదు. భూగర్భములో బొగ్గు తీసిన చోటెల్ల పైకప్పు క్రుంగకుండ కర్ర ప్రాపులు నిలువవలెను, దిమ్మెలు అడ్డముగను నిలువుగను పేర్చి చాకులు అను ఆధారపు దొంతరలు కట్టవలెను. బొగ్గు వెలికివచ్చిన పిదప ఆ కర్రలో అధికభాగము చీకటిలోనే సమాధియగును. గనిలో టింబర్‌మన్ అను ప్రత్యేకోద్యోగి ఉండుటయే ఈ వినియోగమునకు సాక్ష్యము. ఇండ్ల మంచములను నిందించు చరిత్రకారులు ఈ భూగర్భారణ్యమును తలపకుండుట నాకు ఆశ్చర్యము కలిగించును.

అయినను ఇచ్చట తొందరపడి బొగ్గును ఏకైక దోషిగా నిలుపుట కూడ న్యాయము కాదు. ప్రాపులకు గుండ్రని అడవికర్ర, అనేక జాతులది, సరిపోవును. మేలుజాతి టేకు దుంగను గనిలో పాతిపెట్టుట ఏ లెక్క చూచినను నష్టమే. 1938లో స్థాపితమైన సిర్పూరు కాగితపు మిల్లు వెదురును కోరినది. సేద్యము కొరకు అడవిని కొట్టినవారు వేరు. కావున గని అడవిలోని టేకునంతయు మ్రింగినదని నేననను. అడవికర్రను పెద్ద యెత్తున, లెక్క కట్టి, నిత్యము వినియోగించు పద్ధతిని ఈ సీమకు రైలుతో పాటు అలవరచినది గనియే యని మాత్రమే నా వాదము.

టేకు ప్రతిష్ఠకు కారణము గని గర్భమున గాక దానిపైనున్న క్వార్టరులో వెదకవలెనని నా అభిప్రాయము. 1960 ప్రాంతమున గోదావరిఖనిలో గనులు ఆరంభమైనవి; 1971లో రామగుండము థర్మల్ కేంద్రములో 62.5 మెగావాట్ల యూనిట్ నడక సాగించినది. 1978 నవంబరులో మొరార్జీ దేశాయి అచ్చటి ఎన్టీపీసీ విద్యుత్కేంద్రమునకు శంకుస్థాపన చేసెను. 1980లో ఎరువుల కర్మాగారము ఉత్పత్తికి వచ్చినది. చుట్టుపట్ల పల్లెల నుండి నులక మంచముతో వచ్చిన కూలివాడు నెలజీతగాడయ్యెను; 1975 నుండి జాతీయ బొగ్గు వేతన ఒప్పందములు ఆ జీతమును స్థిరపరచినవి. కాని అతడు నివసించు క్వార్టరు కంపెనీది. పదవీవిరమణ నాడు ఖాళీ చేయవలసినదే. పల్లెలో కలిగినవాడు తన టేకును స్తంభములలో, దర్వాజలలో, అనగా కదలని ఇంటిలో నిలిపెను; గని కార్మికునకు ఆ అవకాశము లేదు. కదిలింపదగిన ఆస్తిగా అతనికి మిగిలినవి డబుల్ కాటు, సోఫాసెట్టు, అల్మారా. బిడ్డ పెండ్లికి పెట్టు సామానులో టేకు మంచము తప్పనిసరియైనది ఈ దశాబ్దములలోనే. బెల్లంపల్లి నుండి గోదావరిఖనికి, అచ్చటి నుండి భూపాలపల్లికి బదిలీలు కలుగుచుండగా లారీ కెక్కించుటకు వీలుగా మంచములు విడదీయదగినట్లు బోల్టులతో, ఇనుపపట్టీలతో చేయబడినవి. బెజ్జమును కుసిని నమ్మిన పూర్వపు పనితనము అంతకంతకు సన్నగిల్లెను. కర్ర ఘనత పెరిగినకొలది కీలు ఘనత తగ్గుట ఈ కాలపు విశేషము. అంతటను ఇదే జరిగెనని చెప్పజాలను. మంథని వంటి పాత ఊళ్ళలో పాత పద్ధతి చాలకాలము నిలిచినది.

ఈ ప్రతిష్ఠలో వెల కంటె తక్కువగా గమనింపబడిన నష్టమొకటి కలదు. టేకు మన్నికకు మూలము దాని చేవలోని సహజ ద్రవ్యములు, ముఖ్యముగా టెక్టోక్వినోన్. చెదలు దానిని సహింపవు. చేవ చుట్టునుండు తెల్లకర్రకు ఆ రక్షణ లేదు. తోటలలో 20 ఏండ్లకే నరికిన చెట్టులో చేవ సన్నము, తెల్లకర్ర అధికము. రంగు పూసినచో రెండును ఒకటిగానే కనబడును. గోదావరిఖని గ్రీష్మములో పగటి వేడి 45 డిగ్రీలను దాటు దినములు అపరిచితములు కావు. పచ్చిగానున్న టేకు ఆ వేడికి పగుళ్ళిచ్చి శ్రావణములో ఉబ్బును. బాగుగా ఆరి, తేమ 12 శాతమునకు మించని వేప చేవ దానికంటె మేలు. గని కార్మికునకు ఇది తెలియనిది కాదు. పైకప్పు బరువు పెరిగినప్పుడు కర్ర ప్రాపు విరుగుటకు ముందు మూలిగి హెచ్చరించునని, అందుకు తిన్నని పోగు, దోషము లేని మొదలు కావలెనని ఎరిగిన చేతులే బజారులో టేకను పేరు విని బేరము ముగించుట విచారకరము.

1980 అటవీసంరక్షణ చట్టమును, 1996 డిసెంబరు 12న సుప్రీముకోర్టు గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఉత్తర్వును అడవికోతను బిగించినవి. గనులలో ఉక్కు రూఫ్‌బోల్టులు ప్రాపుల స్థానమాక్రమించినవి. 2014 ఏప్రిలు 1 నుండి బర్మా దుంగల ఎగుమతిని నిషేధించెను. అప్పటి నుండి ఘానా, ఈక్వెడారు తోటల టేకు మన రేవులకు ఎక్కువగా చేరుచున్నది. గోదావరి ఒడ్డున నివసించువాడు సముద్రములు దాటి వచ్చిన లేతకర్రను పూర్వుల సొత్తని కొనుచున్నాడు. దీనిని పర్యావరణహితమని పిలుచుటకు నాకు మనసొప్పదు.

పొట్టుపలకల విషయమున కూడ నాకు సందేహములు కలవు. కర్రవ్యర్థమును వినియోగపరచు నంతవరకు అవి మంచివే. కాని వానిని బంధించు యూరియా-ఫార్మాల్డిహైడ్ జిగురు గదిలోనికి వాయువును విడుచును. తడి తగిలిన అంచు ఉబ్బి మరల సమముగాదు. ఒకసారి మర ఊడిన చోట మరియొక మర పట్టదు. పదేండ్లకు పారవేయవలసిన బీరువా తక్కువ చెట్లను కోరినదను వాదము లెక్కకు నిలువదు. ఎండిన కర్ర బరువులో ఇంచుమించు సగము కర్బనమే; ఆ కర్బనము ఇంటిలో ఎన్ని ఏండ్లు నిలిచినదను దానినిబట్టియే సామాను మేలుకీళ్ళను తూచవలెను. ఆ తూకమున మరమ్మతుకు లొంగు వేప పీట, పొట్టుపలక బీరువా కంటె, లేత టేకు సోఫా కంటె ముందు నిలుచును. 2021 ప్రాంతమున తెలంగాణములో వేపచెట్లకు కొనలెండు తెగులు సోకినది. సొంత చేనిలోని చెట్టును కొట్టుటకు కూడ 2002 నాటి వాల్టా చట్టము క్రింద అనుమతి కోరవలెను. కావున వేపను కూడ విచ్చలవిడిగా నరకుమని నేను చెప్పుట లేదు.

నరకనక్కరలేని కర్ర ఈ సీమలో ఉన్నది. ఎల్లంపల్లి జలాశయము కొరకు, ఓపెన్‌కాస్టు గనుల కొరకు ఖాళీయైన గ్రామములలో ఇండ్లు విప్పినవారు దూలములను, దర్వాజలను మొదట బండి కెక్కించుకొనిరి. వాని విలువ వారికి తెలియును. దశాబ్దములు ఆరిన ఆ నల్లమద్దికి, టేకుకు సాటియైన కర్ర నేడు ఏ డిపోలోను సులభముగా దొరకదు. సింగరేణి సంస్థ మట్టిదిబ్బలపై మొక్కలు నాటుట ప్రశంసనీయమే. కాని అటవీశాఖవారు టేకును పక్వమునకు 60 ఏండ్లు పెంచుట వాడుక. ఆ దిబ్బలపై నేడు నాటిన చెట్టు చేవదేరునంతలో ఎన్ని గ్రామములు కదలునో! నష్టపరిహారపు పట్టికలలో ఇంటి కొలతలు వ్రాయువారు కర్ర జాతిని, కొలతను కూడ వ్రాసి, యజమానులు అమ్మదలచిన దానిని స్థానికపు వడ్లవారికి న్యాయమైన ధరకు అందునట్లు గోదావరిఖనిలో ఒక డిపో నెలకొల్పుట కష్టసాధ్యమైన పని కాదు.