నిర్దేశ చట్రాలు: భావన, చరిత్ర

ఒక వస్తువు ఎక్కడ ఉంది, ఎటు, ఎంత వేగంతో కదులుతోంది అని చెప్పాలంటే ముందు దేనితో పోల్చి అన్నది తేలాలి. అలా పోల్చడానికి ఆధారంగా తీసుకున్న వస్తువును, దానికి బిగించిన నిరూపకాక్షాలను, గడియారాలను కలిపి భౌతికశాస్త్రంలో నిర్దేశ చట్రం అంటారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న రైల్లో కూర్చున్న మనిషి పెట్టెతో పోలిస్తే కదలడం లేదు. పట్టాలతో పోలిస్తే గంటకు 80 కిలోమీటర్లు పోతున్నాడు. సూర్యుడితో పోలిస్తే సెకనుకు దాదాపు 30 కిలోమీటర్లు. మూడు మాటలూ నిజమే, ఇక్కడ పేచీ ఏమీ లేదు. పేచీ అంతా దీని తర్వాతి ప్రశ్నతో వచ్చింది: ఏ చట్రంలో నిలబడి చూసినా ప్రకృతి నియమాలు ఒకేలా కనిపిస్తాయా, లేక కొన్ని చట్రాలకు ప్రత్యేక హోదా ఉందా? ఒకే వేగంతో తిన్నగా సాగే చలనం విషయంలో జవాబు తొందరగానే దొరికింది. గిరగిరా తిరిగే చలనం మాత్రం మూడు వందల ఏళ్లు శాస్త్రవేత్తలను నిద్రపోనివ్వలేదు. అందుకే ఈ వ్యాసంలో దానికే ఎక్కువ చోటు.

పడవ, ఒడ్డు

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో, గోళపాదంలో, ఆర్యభటుడు పడవ పోలిక తెచ్చాడు. ముందుకు సాగుతున్న పడవలో ఉన్నవాడికి ఒడ్డున కదలకుండా ఉన్నవి వెనక్కు పోతున్నట్టు కనిపిస్తాయి. అలాగే స్థిరంగా ఉన్న నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు భూమధ్యరేఖ మీది లంకలో ఉన్నవాడికి కనిపిస్తాయి. తిరుగుతున్నది ఆకాశం కాదు, భూమి అన్నమాట. ఈ వాదాన్ని తర్వాతివాళ్లు ఒప్పుకోలేదు. భూమే తిరిగితే గూడు వదిలి ఎగిరిన పక్షులు మళ్లీ గూటికి ఎలా చేరతాయని వరాహమిహిరుడు అడిగాడు. ఎత్తయినవన్నీ కూలిపోవాలి కదా అని బ్రహ్మగుప్తుడు 628లో ఆక్షేపించాడు. అంతకు నాలుగైదు శతాబ్దాల ముందే అలెగ్జాండ్రియాలో టోలెమీ మేఘాలూ పక్షులూ వెనకబడిపోవాలని దాదాపు ఇదే అన్నాడు. ఈ అభ్యంతరాలను తేలిగ్గా తీసిపారేయకూడదు. నేల కదులుతుంటే దాని మీది గాలీ పక్షీ కూడా ఆ చలనంలో పాలుపంచుకుంటాయని చెప్పగల బలశాస్త్రం అప్పటికి ఎక్కడా లేదు. ఆర్యభటుడి పోలిక చూపు వరకు సరిపోయింది, వస్తువులు ఎలా కదులుతాయన్నదాన్ని అది తాకలేదు.

ఆ లోటు తీర్చినది 1632లో గెలీలియో ఇటాలియన్‌లో రాసిన సంవాద గ్రంథం. అందులో సాల్వియాటి అనే పాత్ర మిత్రుడిని ఒక పెద్ద ఓడ అడుగు గదిలోకి తీసుకెళ్లి తలుపులు మూయమంటుంది. లోపల ఈగలు, సీతాకోకచిలుకలు, గిన్నెలో చేపలు. పైన వేలాడదీసిన సీసా నుంచి కింద ఇరుకు మూతి పాత్రలోకి చుక్క చుక్కగా నీళ్లు పడుతుంటాయి. ఓడ ఆగి ఉన్నప్పుడు అన్నీ గమనించి, తర్వాత ఓడ ఊగకుండా ఒకే వేగంతో సాగుతున్నప్పుడు మళ్లీ చూడమంటుంది. చుక్కలు పాత్ర మూతిలోనే పడతాయి. సీతాకోకచిలుకలు వెనక గోడకు పోయి గుమికూడవు. ముందుకు దూకినా వెనక్కు దూకినా అంతే దూరం పడుతుంది. ఓడ కదులుతోందో లేదో గదిలో ఏ ప్రయోగం చేసినా తెలియదు. వరాహమిహిరుడి పక్షులకు జవాబు ఇదే.

1640లో ఫ్రెంచి పండితుడు గాసెండీ మార్సెయ్ దగ్గర సముద్రంలో దీన్ని చేసి చూపించాడు. వేగంగా పోతున్న తెడ్ల ఓడ స్తంభం మీద నుంచి జారవిడిచిన రాయి స్తంభం మొదట్లోనే పడింది. హైగెన్స్ ఈ సూత్రాన్ని ఇంకో అడుగు ముందుకు నడిపాడు. పడవలో రెండు సమాన గోళాలు ఢీకొంటే ఏమవుతుందో తెలిస్తే, అదే దృశ్యాన్ని ఒడ్డు నుంచి చూసి వేరే వేగాలతో జరిగే ఢీల ఫలితాలనూ రాబట్టవచ్చని చూపాడు. ఒక చట్రం నుంచి ఇంకో చట్రానికి మారడం లెక్క చేసే పనిముట్టుగా మారింది ఇక్కడే.

న్యూటన్ బొక్కెన

1687లో న్యూటన్ ప్రిన్సిపియాలో గెలీలియో సూత్రాన్ని తన నియమాలకు ఉపసిద్ధాంతంగా చేర్చాడు. ఒక చోటు నిశ్చలంగా ఉన్నా, తిన్నగా ఒకే వేగంతో సాగుతున్నా, అందులోని వస్తువుల పరస్పర చలనాలు ఒకేలా ఉంటాయి. అయినా చలనమంతా సాపేక్షమే అనడానికి ఆయన సిద్ధపడలేదు. కారణం ఒక ప్రయోగం.

బొక్కెనకు పొడవాటి తాడు కట్టి వేలాడదీసి, తాడు బిగిసేదాకా మెలిపెట్టి, నీళ్లు నింపి వదలాలి. మొదట బొక్కెన తిరుగుతుంది, నీళ్లు ఇంకా తిరగవు. నీటికీ గోడలకూ మధ్య సాపేక్ష చలనం అప్పుడే అన్నిటికన్నా ఎక్కువ, అయినా నీటిమట్టం సమంగానే ఉంటుంది. కాసేపటికి నీళ్లు కూడా బొక్కెన వేగాన్ని అందుకుంటాయి. ఇప్పుడు నీటికీ గోడలకూ మధ్య తేడా లేదు, కానీ నీళ్లు అంచుల మీదికి ఎక్కి నడుమ గుంట పడుతుంది. అంటే నీటి ఉపరితలాన్ని గుంట పడేలా చేస్తున్నది గోడలతో పోల్చిన చలనం కాదు. మరి దేనితో పోల్చిన చలనం? నిరపేక్ష స్థలంతో పోల్చినది అన్నాడు న్యూటన్. అది కంటికి కనిపించదు, దేనివల్లా మారదు, ఎప్పుడూ కదలకుండా ఉంటుంది.

జవాబు చాలామందికి నచ్చలేదు. 1715, 1716 సంవత్సరాల్లో లైబ్నిట్స్, న్యూటన్ పక్షాన సామ్యూల్ క్లార్క్ ఉత్తరాల్లో తలపడ్డారు. విశ్వాన్ని మొత్తంగా పక్కకు జరిపితే ఎవరికీ తేడా తెలియనప్పుడు ఆ స్థలానికి అర్థమేమిటన్నది లైబ్నిట్స్ వాదం. బలమైన వాదమే, కానీ బొక్కెనలోని గుంటకు అది జవాబు చెప్పదు.

తిరిగే నేల మీద

భూమి కూడా అలాంటి బొక్కెనే. 1831లో జర్మనీలోని ఫ్రైబెర్గ్ గనిలో ఫెర్డినాండ్ రైష్ సుమారు 158 మీటర్ల లోతుకు గోళాలను జారవిడిస్తే, అవి నిట్టనిలువు గీతకు దాదాపు 28 మిల్లీమీటర్లు తూర్పుగా పడ్డాయి. పైన ఉన్నప్పుడు వాటి తూర్పు వేగం గని అడుగు వేగం కంటే కాస్త ఎక్కువ, ఆ తేడాయే ఇది. 1835లో కొరియోలిస్ తిరిగే యంత్రాల లెక్కలు కడుతూ, తిరిగే చట్రంలో న్యూటన్ నియమాలు వాడాలంటే రెండు అదనపు బలాలు కలపాలని తేల్చాడు. ఒకటి బయటికి నెట్టే అపకేంద్ర బలం, రెండోది కదిలే వస్తువును పక్కకు మళ్లించే బలం. ఈ రెండోదానికే ఆయన పేరు నిలిచింది.

1851లో పారిస్‌లోని పాంథియాన్ గుమ్మటం నుంచి ఫూకో 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండు వేలాడదీశాడు. ఒక ఊపుకు 16 సెకన్లు పడుతుంది. గుండు కింది ముల్లు నేల మీద పోసిన ఇసుకను గీస్తూ, ప్రతిసారీ కిందటి గీతకు రెండు మూడు మిల్లీమీటర్లు పక్కన గీసింది. లోలకాన్ని ఏదీ పక్కకు నెట్టలేదు, దాని కింద నేల తిరిగింది. పారిస్‌లో నేలతో పోలిస్తే లోలకం ఊగే తలం ఒక చుట్టు తిరగడానికి దాదాపు 32 గంటలు పడుతుంది. ధ్రువం దగ్గర ఒక రోజు చాలు. భూమధ్యరేఖ మీద అసలు తిరగదు. అక్షాంశం 17.4 డిగ్రీలున్న హైదరాబాద్‌లో అలాంటి లోలకం పెడితే గంటకు నాలుగున్నర డిగ్రీలు జరుగుతుంది, చుట్టు పూర్తికావడానికి 80 గంటలు కావాలి. ఆకాశం వంక చూడకుండా, తలుపులు మూసిన గదిలోనే భూభ్రమణాన్ని కొలవవచ్చు. గెలీలియో ఓడకూ భూమికీ ఉన్న తేడా ఇదే.

ఇలాంటి చట్రాల్లో వచ్చే బలాలను పాఠ్యపుస్తకాలు మిథ్యా బలాలంటాయి. ఆ పేరు చూసి వాటి ఫలితాలు కూడా మిథ్య అనుకోవడం పెద్ద పొరపాటు. బంగాళాఖాతం తుపానులో నడిమి అల్పపీడనం వైపు పరుగెత్తే గాలి కొరియోలిస్ బలం వల్ల కుడికి మళ్లుతుంది, అందుకే మన తుపానులన్నీ అపసవ్యంగా తిరుగుతాయి. అలా తిరిగే గాలి తుపాను నడిచే దారికి కుడివైపున సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమకు పడమటి పక్కన తీరం దాటిన తుపాను ఉప్పెన దివిసీమనే ముంచడం వెనుక ఈ లెక్క ఉంది. మరోవైపు, శ్రీహరికోటలో ప్రయోగవేదిక మీద నిలిపిన రాకెట్టు నేలతో పోలిస్తే నిశ్చలం. భూమితోపాటు తిరగని చట్రంలో చూస్తే మాత్రం అది అప్పటికే సెకనుకు 450 మీటర్ల వేగంతో తూర్పుకు పోతోంది. తూర్పు దిశగా ప్రయోగిస్తే ఆ వేగం ఇంధనం ఖర్చు లేకుండా కలిసివస్తుంది.

జడత్వ చట్రం

ఇంటర్మీడియట్ పుస్తకాల్లో జడత్వ చట్రం నిర్వచనం న్యూటన్ నియమాల పక్కనే రెండు వాక్యాల్లో వస్తుంది, అది న్యూటన్ కాలం నుంచీ ఉన్నదే అనిపిస్తుంది. నిజానికి దానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది. 1870లో కార్ల్ నాయ్‌మన్ నిరపేక్ష స్థలానికి బదులుగా ఎక్కడో కదలకుండా ఉన్న ఆల్ఫా అనే వస్తువును ఊహించాడు. 1883లో ఎర్న్‌స్ట్ మాఖ్ సూటిగా బొక్కెన దగ్గరికే వచ్చాడు. బొక్కెన గోడలు పలచనివి కాబట్టి ఏ ప్రభావమూ లేదు, అవే ఎన్నో మైళ్ల మందంగా ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరని అడిగాడు. నీళ్లలో గుంట పడేలా చేసేది నిరపేక్ష స్థలం కాదు, దూరాన ఉన్న నక్షత్రాల మొత్తం ద్రవ్యరాశి కావచ్చని సూచించాడు.

1885లో లుడ్విగ్ లాంగె ఇంకా పొదుపైన దారి చూపించాడు. ఏ బలమూ లేని మూడు కణాలను ఒకే బిందువు నుంచి ఒకే తలంలో లేని మూడు దిశల్లో వదలండి, మూడూ తిన్నటి గీతల్లో పోయే చట్రాన్ని ఎంచుకోండి. అంతవరకు అది మన ఎంపిక. ఆ చట్రంలో నాలుగో స్వేచ్ఛా కణం కూడా తిన్నగానే పోతుందనడం ప్రకృతి గురించిన వాస్తవం. నిరపేక్ష స్థలాన్ని తలవకుండానే న్యూటన్ మొదటి నియమానికి అర్థం దొరికింది. జడత్వ వ్యవస్థ అన్న పేరు కూడా లాంగె పెట్టినదే. ఈ చరిత్రలో ఇంత స్వచ్ఛమైన ఆలోచన మరొకటి లేదు, అయినా ఆయన పేరు మన పుస్తకాల్లో కనిపించకపోవడం అన్యాయం.

వెలుగు వేగం

మాక్స్‌వెల్ సమీకరణాల ప్రకారం కాంతి సెకనుకు దాదాపు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. దేనితో పోల్చి? కాంతిని మోసే మాధ్యమంగా ఊహించిన ఈథర్‌తో అనుకున్నారు. నిరపేక్ష స్థలం వేరే వేషంలో తిరిగివచ్చింది. 1887లో క్లీవ్‌లండ్‌లో మైకెల్సన్, మోర్లీ ఈథర్‌లో భూమి వేగాన్ని పట్టుకోవడానికి పాదరసంలో తేలే రాతిపలక మీద అద్దాలు అమర్చారు. వ్యతికరణ పట్టీలు ఒక పట్టీలో 0.4 వంతు జరగాలని లెక్క, అందులో చిన్న భాగం కూడా కనిపించలేదు. చలన దిశలో వస్తువుల పొడవు తగ్గుతుందని లోరెంజ్ సర్దిచెప్పాడు.

1905లో ఐన్‌స్టీన్ సర్దుబాటుతో కాకుండా సూత్రంతో మొదలుపెట్టాడు. జడత్వ చట్రాలన్నిటిలోనూ భౌతిక నియమాలన్నీ ఒకటే, కాంతి వేగం కూడా ఒకటే. ఈ రెండూ పొసగాలంటే కాలం అందరికీ ఒకటన్న నమ్మకాన్ని వదులుకోవాలి. ఆయనే తర్వాత సామాన్యుల కోసం రాసిన పుస్తకంలో రైలుకట్ట ఉదాహరణ ఇచ్చాడు. పట్టాల మీద రెండు చోట్ల పిడుగులు పడ్డాయి, సరిగ్గా నడుమ కట్ట మీద నిలబడిన మనిషికి రెండు మెరుపులూ ఒకేసారి కనిపించాయి. రైలు మధ్యలో ఉన్న మనిషి ముందు పిడుగు వైపు పోతున్నాడు కాబట్టి ఆ వెలుగు అతడిని ముందు చేరుతుంది. కాంతి వేగం అతడికీ అంతే కాబట్టి ముందు పిడుగే ముందు పడిందంటాడు. ఇద్దరిలో ఎవరూ తప్పు కాదు. గడియారాలు కూడా చట్రంలో భాగమేనని ఈ వ్యాసం మొదట్లో చెప్పింది అందుకే. సాపేక్షత మీద ఐన్‌స్టీన్, మింకోవ్‌స్కీ రాసిన పత్రాలను మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ ఇంగ్లీషులోకి అనువదించగా 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం ప్రచురించింది.

పడే మనిషి, తిరిగే భూమి

త్వరణం మాటేమిటి? 1907లో, బెర్న్ పేటెంట్ ఆఫీసులో ఉద్యోగం చేస్తుండగా, పైనుంచి పడుతున్న మనిషికి తన బరువు తెలియదన్న సంగతి ఐన్‌స్టీన్‌కు తట్టింది. భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతరిక్ష కేంద్రంలో గురుత్వం నేల మీదున్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. అయినా వ్యోమగాములు తేలుతారు, ఎందుకంటే కేంద్రం, వాళ్లు కలిసి పడుతూనే ఉన్నారు. స్వేచ్ఛగా పడే ఆ చిన్న గదే అసలైన జడత్వ చట్రమని 1915 నాటి సాధారణ సాపేక్షతా సిద్ధాంతం చెబుతుంది. అంతటా పరచగల ఒకే జడత్వ చట్రం లేదు, చోటు చోటుకూ దాని చట్రం దానిదే.

మాఖ్ ప్రశ్నకు కూడా కొంత జవాబు దొరికింది. తిరిగే భారీ వస్తువు చుట్టూ ఉన్న జడత్వ చట్రాలను తనతో కాస్త లాగుతుందని 1918లో లెన్స్, తిరింగ్ లెక్కగట్టారు. 2004లో ప్రయోగించిన గ్రావిటీ ప్రోబ్ బి ఉపగ్రహంలోని గైరోస్కోపుల్లో ఈ లాగుడు ఏడాదికి దాదాపు 37 మిల్లీ ఆర్క్‌సెకన్లని 2011లో ప్రకటించారు. మాఖ్ అనుకున్నంత లేదు గానీ సున్నా కూడా కాదు.

1971లో హాఫెలె, కీటింగ్ సీజియం గడియారాలను విమానాల్లో భూమి చుట్టూ తిప్పారు. తూర్పుగా తిరిగినవి నేల మీది గడియారం కంటే 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమటికి తిరిగినవి 273 నానోసెకన్లు ముందుకు పోయాయి. నేల నుంచి చూస్తే రెండు విమానాల వేగాలూ దగ్గరదగ్గరే, మరి తేడా ఎందుకు? వేగాన్ని లెక్కించాల్సింది భూమితో తిరగని చట్రంలో. తూర్పు విమానానికి భూమి వేగం కలుస్తుంది, పడమటి విమానానికి తగ్గుతుంది. జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు కూడా అలాంటి చట్రంలోనే లెక్కకొస్తాయి. అవి రోజుకు నేల గడియారాల కంటే 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, ఆ వ్యవధిలో కాంతి 11 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది.

ఖగోళ శాస్త్రవేత్తలు 1998 జనవరి 1 నుంచి నక్షత్రాలను వదిలి, గెలాక్సీ అవతలి రేడియో మూలాలకు బిగించిన అంతర్జాతీయ చట్రాన్ని వాడుతున్నారు. 2019లో వచ్చిన మూడో కూర్పుకు 303 మూలాలు ఆధారం. విశ్వమంతా నిండిన సూక్ష్మతరంగ వికిరణంతో పోలిస్తే సౌరమండలం సెకనుకు 370 కిలోమీటర్ల వేగంతో పోతోందని కూడా తెలుసు. ఇది చూసి నిరపేక్ష స్థలం దొరికిందని కొందరు పొరబడతారు. ఆ వికిరణాన్ని చూడటం కిటికీ తెరిచి ఒడ్డును చూడటం లాంటిది. కిటికీ మూసి చేసే ప్రయోగాల్లో ఆ వేగం జాడ ఇప్పటికీ దొరకలేదు. 2009లో బెర్లిన్, డ్యూసెల్‌డోర్ఫ్ ప్రయోగశాలల్లో లేజర్ అనునాదకాలను తిప్పుతూ మైకెల్సన్ ప్రయోగాన్ని మళ్లీ చేసినప్పుడు, దిశను బట్టి కాంతి వేగం 1000 కోట్ల కోట్ల వంతుల్లో ఒక వంతు మేర కూడా మారుతున్న ఆధారం కనిపించలేదు.