ఖుబానీ వన్నె గులాబి వంశచరిత్ర

విందులలో ఖుబానీ మిఠాయి తిన్నవారికి ఆ పండు రంగు తెలిసినదే. అది పసుపూ కాదు, నారింజా కాదు. రెంటి నడుమ కొద్దిగా ఎరుపు జీర కలిసిన వన్నె. ఆ వన్నెతో, కమ్మని పరిమళంతో గుబురుగా పెరిగే పొదగులాబిని తన పెరటిలో చూడగోరని వారెవరు? కాని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల ఎండకు అది నిలుచునా? ఈ ప్రశ్నకు సమాధానం దాని వంశచరిత్రలో దొరుకును.

1800కు పూర్వం ఐరోపా తోటలలోని గులాబులు చాలవరకు ఎరుపు, గులాబి, తెలుపు వన్నెలవే. వానిలో పెక్కు ఏడాదికి ఒక్కమారే పూచెడివి. 1809లో లేత గులాబివన్నె రకమొకటి, 1824లో లేత పసుపు రకమొకటి చైనా నుండి ఇంగ్లండు చేరినవి. తేయాకును తలపించు వాసన వలన వీనికి 'తేయాకు గులాబులు' అని పేరు వచ్చినది. వీని పూర్వికులలో 'రోజా జైగాంటియా' అను అడవిగులాబి ఒకటి. అది మన మణిపూరు కొండలలోను, బర్మాలోను, చైనాలోని యునాన్‌లోను సహజంగా పెరుగును. ఈ శాఖవారి లక్షణాలతో 1853లో ఫ్రాన్సులో వెలువడిన 'గ్లువార్ ద దిజోన్' పరిమళానికీ, ఖుబానీ ఛాయకూ ప్రసిద్ధి కెక్కినది.

1900లో లియాన్ నగరానికి చెందిన పెర్నే-దుషే 'పర్షియన్ యెల్లో' గులాబితో సంకరం చేసి 'సొలే దోర్'ను లోకానికి అందించినాడు. దానితో తోటగులాబులకు ముదురు పసుపు అబ్బినది. నల్లమచ్చ తెగులుకు లొంగే గుణం కూడ వెంట వచ్చినది. తరువాత ఇంగ్లండులో డేవిడ్ ఆస్టిన్ పాత గులాబుల నిండు రేకులను, వాసనను కొత్తవాని రంగులతో కలిపినాడు. 1985 నాటి ఆయన 'అబ్రహాం డార్బీ' ఖుబానీ వన్నె పొదగులాబియే.

ఈ వన్నెలో పసుపు కెరోటినాయిడ్లది, ఎరుపు ఆంథోసయనిన్లది. వేడి హెచ్చినప్పుడు ఆంథోసయనిన్ల తయారీ తగ్గి పువ్వు పాలిపోవును. పరిమళ ద్రవ్యాలు త్వరగా ఆవిరియగును. కావున మే నెల పువ్వును చూచి రకాన్ని నిందింపరాదు. అక్టోబరులో కొమ్మలు కత్తిరించి, చలికాలపు పూతను చూడవలెను. కాలువ నీరు పారే వరిపొలాల చెంత వేళ్లు కుళ్లకుండ మడిని ఎత్తుగా కట్టవలెను.

అయితే చల్లని దేశపు మొక్కను బుజ్జగించుటకన్న మన ఎండకు తగినదానిని పుట్టించుట మేలు కాదా? ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ 1980లో ఉద్యోగం విడిచి, కొడైకెనాల్‌లో ఆ పనికే పూనుకొన్నారు. మణిపూరు జైగాంటియాను, వేడిని, తడిని కూడ ఓర్చుకొనే 'రోజా క్లైనోఫిల్లా'ను తోటగులాబులతో సంకరం చేసినారు. ఆయన సృష్టించిన ఒక గులాబికి హైదరాబాదులోని సరోజినీ నాయుడు ఇంటిపేర 'గోల్డెన్ థ్రెషోల్డ్' అని నామకరణం జరిగినది.

తూర్పు కొండల నుండి బయలుదేరిన రక్తం ఐరోపా చుట్టివచ్చి మన గడపను చేరినది. ఇక దానిని మన నేలకు అలవరచుట మన విద్యార్థుల వంతు.