గుమ్మం దగ్గర రెండే ప్రశ్నలు

మేముండే పార్సిపెనీ నుంచి మోరిస్‌టౌన్‌కి కారులో పావుగంట. మొన్నొక శనివారం అక్కడి మందుల షాపు గుమ్మంలో చూసిన చిన్న సంగతి ఇది. మా అపార్ట్‌మెంట్లలోనే ఉండే తెనాలి అమ్మాయి, ఆమె ఏడేళ్ళ కొడుకు, నీలం జాకెట్టు తొడిగిన ఒక లాబ్రడార్ కుక్క నా ముందు నడుస్తున్నారు. బాబు నడుముకి బెల్టు, ఆ బెల్టు నుంచి కుక్క జాకెట్టుకి ఒక పట్టీ, కుక్క మెడతాడు తల్లి చేతిలో. కౌంటర్ దగ్గరి కుర్రాడు కొత్తవాడిలా ఉన్నాడు, ఎదురొచ్చి ఆపాడు. "వైకల్యం ఉన్నవాళ్ళకి అవసరమై తెచ్చిన సర్వీస్ డాగేనా?" అన్నాడు. అవునంది. "ఏం పని నేర్పారు దానికి?" అన్నాడు. "బాబు పరుగెత్తబోతే ఆగిపోయి ఆపుతుంది" అంది. అంతే, పక్కకి తప్పుకున్నాడు. బాబుకేమైందని గాని, కాగితాలు చూపించమని గాని అడగలేదు. ఈ దేశపు చట్టం ప్రకారం అడగకూడదు కూడా.

మన దగ్గర బస్సెక్కినా, పెళ్ళికి వెళ్ళినా అటువంటి పిల్లాణ్ణి చూడగానే మొదట వచ్చే మాట "ఏమైంది వాడికి?" అనే. ఆ మాట ఒక షాపు కుర్రాడి నోట్లోనే ఆగిపోవడానికి ఎన్నాళ్ళు పట్టిందో తెలుసుకోవాలనిపించింది.

మొదలు మోరిస్‌టౌన్‌లోనే ఉంది. ఊరి నడుమ పచ్చిక మైదానంలో ఒక కంచు విగ్రహం ఉంటుంది, నడుస్తున్న మనిషి, పక్కన జర్మన్ షెపర్డ్. ఆయన మోరిస్ ఫ్రాంక్, చూపు లేని నాష్‌విల్ కుర్రాడు. స్విట్జర్లాండ్‌లో డొరతీ యూస్టిస్ అనే అమెరికన్ ఆవిడ దగ్గర శిక్షణ పొంది, 1928లో బడ్డీ అనే కుక్కతో న్యూయార్క్‌లో దిగాడు. విలేకరులు చూస్తుండగా వాహనాలతో కిటకిటలాడే వెస్ట్ స్ట్రీట్ దాటాడు. మరుసటి ఏడు పుట్టిన ‘సీయింగ్ ఐ’ సంస్థ తర్వాత మోరిస్‌టౌన్ చేరింది. చుట్టుపక్కల కుటుంబాలు దాని కుక్కపిల్లల్ని ఏడాదికి పైగా పెంచి, కళ్ళనీళ్ళతో తిరిగి అప్పగిస్తాయి. అందుకే ఈ ఊరి బజారులో జాకెట్టు వేసుకున్న కుక్కని ఎవరూ వింతగా చూడరు.

కాని కళ్ళు లేనివాళ్ళ కష్టం లోకానికి కనబడుతుంది. ఆటిజం ఉన్న పిల్లల తల్లులకి ఆ పాటి జాలి కూడా దక్కలేదు. 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ అనే వైద్యుడు పదకొండుమంది పిల్లల గురించి రాసి, ఈ స్థితికి వైద్యశాస్త్రంలో చోటు కల్పించాడు. ఆ వ్యాసంలోనే తల్లిదండ్రుల ప్రేమలో వెచ్చదనం తక్కువని ఒక మాట వేశాడు. ఆ మాట పెరిగి పెద్దదై, ఫ్రిజ్‌లాంటి తల్లులని డాక్టర్లే అనే దాకా వెళ్ళింది. షికాగోలో బ్రూనో బెటల్‌హైమ్ అనే ఆయన నాజీ శిబిరాల్లో నలిగి వచ్చిన మనిషి. అంత బాధ తెలిసినవాడే, 1967లో వచ్చిన తన పుస్తకంలో పిల్లల మౌనానికి తల్లిదండ్రులే కారణమన్నాడు, పిల్లల్ని వాళ్ళకి దూరంగా ఉంచితేనే బాగుపడతారని నమ్మించాడు. దేశమంతా ఆయన్ని మెచ్చుకుంది. ఇది చదివినప్పుడు నాకు కలిగిన కోపం ఇంకా చల్లారలేదు. కడుపుతో ఉండగా గ్రహణం చూసిందని, మొక్కు తీర్చలేదని మన దగ్గర కోడలిని అంటారు చూడండి, ఇక్కడ ఆ పని పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్ళు చేశారు.

దాన్ని తిప్పికొట్టింది తల్లిదండ్రులే. శాన్ డియేగోలో నౌకాదళం తరఫున పనిచేసే సైకాలజిస్టు బెర్నార్డ్ రిమ్‌లాండ్. ఆయన కొడుకుకి ఆటిజం. ఆ రోజుల్లో దొరికిన రాతలన్నీ తిరగేసి, ఇది మెదడుకి సంబంధించిన విషయమే గాని తల్లి తప్పు కాదని 1964లో పుస్తకం రాశాడు. మరుసటి ఏడు ఆయనా, రూత్ సల్లివన్ అనే ఒక తల్లీ, ఇంకొందరూ కలిసి జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఆ సమావేశం జరిగింది మా న్యూజెర్సీలోనే, టీనెక్‌లో. అప్పటికి బడులు ఇటువంటి పిల్లల్ని గేటు దగ్గరే వెనక్కి పంపేవి. 1975లో కాంగ్రెస్ చేసిన చట్టంతో ఏ పిల్లనీ ప్రభుత్వ బడి కాదనడానికి వీల్లేకుండా పోయింది. 1990లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. షాపు కుర్రాడి రెండు ప్రశ్నలూ దాని కింద రాసిన నియమాల్లోవే.

ఇక కుక్క సంగతి. న్యూయార్క్‌లో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల సైకాలజిస్టు ఉండేవాడు. ఒక తల్లి, ఎవరితోనూ కలవని కొడుకుని తీసుకుని, చెప్పిన వేళకన్నా ముందే ఆయన దగ్గరికి వచ్చేసింది. మామూలుగా రోగులు వచ్చేవేళకి కనబడకుండా ఉంచే ఆయన కుక్క జింగిల్స్ ఆ పూట బల్ల దగ్గరే పడుకుని ఉంది. అది లేచి పరుగెత్తి పిల్లాణ్ణి నాకింది. తల్లి లాగబోయింది. డాక్టరు వద్దని సైగ చేశాడు. పిల్లాడు కుక్కని హత్తుకున్నాడు, మళ్ళీ వచ్చి దీనితో ఆడుకోవచ్చా అని అడిగాడు. ఆ తర్వాత చాలాసార్లు వచ్చి డాక్టరు వంక చూడకుండా కుక్కతోనే ఆడుకున్నాడు. మెల్లమెల్లగా ఆ ఆటలోకి డాక్టరుకీ చోటిచ్చాడు. 1961లో లెవిన్సన్ ఈ సంగతి సైకాలజిస్టుల సభలో చెబితే నవ్వారు, ఫీజులో కుక్కకెంత వాటా ఇస్తున్నావని అడిగారు. అదే దశాబ్దంలో అదే న్యూయార్క్‌లో, క్రీడ్‌మోర్ ఆసుపత్రిలో, ఇటువంటి పిల్లలకి ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు ఇచ్చి చూశారు. దానికి మాత్రం ఎవరూ నవ్వలేదు.

పిల్లాణ్ణి పట్టీతో కుక్కకి కట్టి నడిపించే పద్ధతి 1990లలో పొరుగున కెనడాలోని ఆంటారియో నుంచి పాకింది. అమెరికాలో ఒహాయోలోని ‘ఫోర్ పాస్ ఫర్ ఎబిలిటీ’ ముందువరుసలో ఉంది. కరెన్ షర్క్ దాన్ని 1998లో పెట్టారు. శ్వాసకి వెంటిలేటర్ మీద ఆధారపడ్డ ఆమెకి కుక్కనివ్వడానికి ఉన్న సంస్థలు ఒప్పుకోలేదు. అటువంటి ఆవిడ, ఎవరూ కుక్కనివ్వని చిన్నపిల్లలకి ఇవ్వడం మొదలుపెట్టారు. తప్పిపోయిన పిల్లాణ్ణి వాసన పట్టి వెతకడం కూడా ఈ కుక్కలకి నేర్పుతారు. పిల్లలు ఇల్లు విడిచి వెళ్ళిపోవడమే ఈ తల్లులకి అన్నిటికన్నా పెద్ద భయం. 2012లో ఇక్కడి పిల్లల వైద్యుల పత్రికలో వచ్చిన సర్వేలో, ఆటిజం ఉన్న పిల్లల్లో నాలుగేళ్ళు దాటాక ఒక్కసారైనా అలా వెళ్ళిపోబోయినవాళ్ళు 49 శాతం. మనవాళ్ళు పాకే పిల్లకి మువ్వల పట్టీలు ఎందుకు వేస్తారో తెలుసుగా, వంటింట్లోంచే పిల్ల ఎటు పోతోందో తల్లికి వినబడాలని. ఈ కుక్క అటువంటి మువ్వే, కాకపోతే ఇది తిరిగి లాగగలదు.

ఆ రోజు తెనాలి అమ్మాయి షాపుకి వచ్చింది రిస్పెరిడోన్ కోసం. ఆటిజానికి మందు కాదది. తల గోడకేసి కొట్టుకోవడం, చేతులు కొరుక్కోవడం, పట్టలేని ఉద్రేకం, వీటిని తగ్గిస్తుంది. 2002లో 101 మంది పిల్లలపై ఎనిమిది వారాలు జరిగిన పరీక్షలో మందు వేసుకున్నవాళ్ళలో 69 శాతం మందికి గుణం కనిపించింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 12 శాతానికి. 2006లో ఐదు నుంచి పదహారేళ్ళ పిల్లలకి ప్రభుత్వం అనుమతిచ్చింది, 2009లో అరిపిప్రజోల్ అనే మరో మందుకీ అనుమతి వచ్చింది. మాటని, స్నేహాన్ని తెచ్చే మందు మాత్రం ఇంతవరకూ లేదు. రిస్పెరిడోన్‌తో ఆకలి విపరీతం. ఈ బాబు పెరుగన్నం తిని లేచి పది నిమిషాలకి మళ్ళీ ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడతాడు. బరువు, రక్తంలో చక్కెర చూస్తూ ఉండాలి. అయినా చేతి మీద గాట్లు మానాయి. "మందు వేస్తే వాడు నిద్రపోతాడు పిన్నిగారూ, కుక్క ఉంటే నేను నిద్రపోతాను" అంటుంది వాళ్ళమ్మ.

కుక్క వల్ల మేలు కొలవగలిగారా అంటే, కొంత. మాంట్రియల్‌లో 42 మంది పిల్లల లాలాజలంలో, ఒత్తిడిని తెలిపే కార్టిసాల్ అనే హార్మోను చూశారు. నిద్ర లేచిన వెంటనే అది పెరగడం కుక్క రాకముందు 58 శాతం, కుక్క వచ్చాక 10 శాతం, కుక్కని తీసేశాక 48. శాస్త్రానికి ఆ మూడో అంకె కావాలి, ఒప్పుకుంటాను. కాని ఆ అంకె కోసం పిల్లల పక్కనుంచి కుక్కల్ని తీసుకుపోయిన రోజుల్ని తలుచుకుంటే మనసు బాగుండదు.

ఇదంతా చదువుతుంటే నాకు పదే పదే గుర్తొచ్చింది ధర్మరాజు. తమ్ముళ్ళూ ద్రౌపదీ దారిలో పడిపోయాక వెంట మిగిలింది కుక్కొక్కటే. ఇంద్రుడు రథం తెచ్చి కుక్కని వదిలి ఎక్కమంటే ఎక్కనన్నాడు. మిషిగన్‌లోని నెపోలియన్ అనే ఊళ్ళో సరిగ్గా ఇదే జరిగింది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఎహ్లెనా ఫ్రై అనే పాప, వండర్ అనే కుక్కతో బడికి వెళ్ళబోతే, సాయానికి మనిషిని పెట్టాం కదా, కుక్కెందుకు అంది బడి. పాప అమ్మానాన్నలూ ధర్మరాజులాగే కుక్కని వదలమన్నారు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2017లో జస్టిస్ ఎలీనా కేగన్ రాసిన తీర్పులో ఒక చక్కటి కొలబద్ద ఉంది: ఇదే ఫిర్యాదు ఒక లైబ్రరీ మీద చేయగలరా? చేయగలిగితే అది చదువు తగాదా కాకపోవచ్చు, వివక్ష కావచ్చు, అప్పుడు కోర్టుకెళ్ళేముందు బడుల ఫిర్యాదుల పద్ధతి ప్రకారం తిరగనక్కర్లేదు. తీర్పు ఫలితంతో ఒక్క న్యాయమూర్తీ విభేదించలేదు. అయితే ధర్మరాజు ఇవాళ మోరిస్‌టౌన్ షాపుకొస్తే రెండో ప్రశ్న దగ్గర ఆగిపోతాడు. ఆయన కుక్క ఏ పనీ నేర్చుకోలేదు, నమ్మి వెంట నడిచిందంతే. తోడుండి ధైర్యమివ్వడం ఒక్కటే చాలదు, నేర్పిన పని ఉండాలంటుంది అమెరికా చట్టం. మోసగాళ్ళని ఆపడానికి ఆ గీత అవసరమే. కాని మన కథలో గుమ్మం తెరుచుకుంది ఆ తోడుకే.

అటువంటి తోడు మనుషులే ఇవ్వడం నేను చూశాను. ఇండియాలో మా ఊళ్ళో మాటలు రాని పిల్లాడొకడు ఉండేవాడు. చెరువుగట్టు మీద ఉన్నా, రైలు పట్టాల దగ్గర ఉన్నా, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చేవారు. అరుగు మీద కూర్చున్న ముసలివాళ్ళు, కల్లుగీసేవాళ్ళు, మా అమ్మ, అందరి కళ్ళూ వాడి మీదే. ఇక్కడ మధ్యాహ్నం మా వీధిలో మనిషి కనబడడు. కార్లే కనబడతాయి. ఆ అరుగులు తలుచుకుని ఒక్కోసారి ఏడుపొస్తుంది. ఆ పిల్లాడు ఒక్క రోజు కూడా బళ్ళో కూర్చోలేదన్నది కూడా అప్పుడే గుర్తొస్తుంది. సికింద్రాబాద్‌లో ఇటువంటి పిల్లల కోసం కేంద్రప్రభుత్వ సంస్థ 1984 నుంచే ఉంది, అక్కడి 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం పేరూ ఉంది. వాడి కాలానికి ఆ దారి మా ఊరి దాకా రాలేదు.

ఇక్కడ డబ్బు లెక్క వేరు. ఇన్సూరెన్సు మందుకిస్తుంది, కుక్కకివ్వదు. ఒక్కో కుక్కకి వేల డాలర్లు. చర్చిల్లో కేకులమ్మి, మన సంఘాల్లో బిర్యానీ పొట్లాలమ్మి సమకూర్చుకుంటారు. ఆదాయపు పన్నులో మాత్రం ఆ ఖర్చుని వైద్యం కిందే చూపించుకోవచ్చు. అంటే వైద్యమేనని ప్రభుత్వమే ఒప్పుకుంటోంది, బీమా కంపెనీలే ఒప్పుకోవు. నాకిది న్యాయంగా తోచదు.

తెనాలి అమ్మాయి మరో లెక్క వేసుకుంటోంది. కుక్క పని చేయగలిగేది సుమారు దానికి పదేళ్ళు వచ్చేదాకా. దానికిప్పుడు మూడేళ్ళు. అది విశ్రాంతి తీసుకునేసరికి బాబుకి పద్నాలుగేళ్ళు వచ్చి, ఏ కుక్కా ఆపలేనంత బరువుంటాడు. ఇరవై ఒకటో ఏట బడి హక్కు ముగుస్తుంది. ఆ తర్వాత ఎక్కడుంటాడు, ఏం చేస్తాడు అన్న సంగతి మాట్లాడుకోవడానికి టీనెక్ దగ్గర నెలకోసారి తల్లులు కలుస్తున్నారు. ఈసారి నన్నూ రమ్మంది.