క్రెడిట్ కార్డుపై నెలనెలా కోత: వద్దనుకున్న సబ్‌స్క్రిప్షన్‌ను ఆపేదెలా?

ఒక్క రూపాయికే నెల రోజుల ట్రయల్ అంటారు. పిల్లలు గేమ్ కోసమో, పెద్దలు ఒక సిరీస్ చూడటానికో అబ్బా క్రెడిట్ కార్డు నంబరు ఇచ్చి ఓటీపీ కొడతారు. నెల తిరిగేసరికి ఇంట్లో అందరూ ఆ సంగతి మరిచిపోతారు. కంపెనీ మాత్రం మరిచిపోదు. నెలకు 199 రూపాయలే కదా అనిపిస్తుంది గానీ, ఏడాదికి అది 2,388 రూపాయలు.

వడ్డీ జోలికి పోకూడదని ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టేసే కుటుంబాలకు ఇందులో ఇంకో చిక్కు ఉంది. వాడటం లేదని బీరువాలో పెట్టిన కార్డు మీద ఇలాంటి కోత పడి, ఎవరూ బిల్లు చూడకపోతే, గడువు దాటాక ఆ చిన్న మొత్తం మీదే వడ్డీ, లేట్ ఫీజు మొదలవుతాయి. అలాగే ఉండిపోతే సిబిల్ స్కోరు కూడా దెబ్బతింటుంది.

యాప్ తీసేస్తే సరిపోదు

చాలామంది ఫోన్‌లో యాప్ డిలీట్ చేసి, పని అయిపోయిందనుకుంటారు. నిజానికి డబ్బు తీసుకునే అనుమతి ఫోన్‌లో ఉండదు. అది కంపెనీ దగ్గర, బ్యాంకు దగ్గర నమోదై ఉంటుంది. మొదటిసారి ఓటీపీ కొట్టినప్పుడే ఆ అనుమతి ఇచ్చినట్టు లెక్క. దీన్ని ఈ-మ్యాండేట్ అంటారు. కొన్ని బ్యాంకులు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అని రాస్తాయి, జనం వాడుకలో ఆటో పే. కాబట్టి రెండు చోట్లా ఆపాలి.

రిజర్వ్ బ్యాంక్ నియమం ఏం చెబుతోంది?

2021 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి చెల్లింపులకు రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు గట్టిగా అమలవుతున్నాయి. డబ్బు కట్ అయ్యే సమయానికి కనీసం 24 గంటల ముందు కార్డుదారుడికి ఎస్ఎంఎస్ లేదా ఈమెయిల్ రావాలి. అందులో కంపెనీ పేరు, మొత్తం, తేదీ ఉండాలి. ఆ ఒక్కసారికి వద్దనడానికి, లేదా మ్యాండేట్‌నే రద్దు చేసుకోవడానికి కార్డుదారుడికి వీలివ్వాలి. ఈ సదుపాయానికి బ్యాంకు చార్జీ వేయకూడదు.

2022 జూన్‌లో ఓటీపీ లేకుండా కట్ అయ్యే పరిమితిని 5,000 నుంచి 15,000 రూపాయలకు పెంచారు. అంటే అంతకన్నా చిన్న సబ్‌స్క్రిప్షన్లకు మళ్లీ ఓటీపీ అడగరు. ముందు రోజు వచ్చే ఆ మెసేజే ఇంటివాళ్లకు ఉన్న హెచ్చరిక. ప్రకటన అనుకుని దాన్ని తుడిచేయకూడదు.

ఆపే వరుస

1. ముందుగా గత మూడు నెలల స్టేట్‌మెంట్లు తీసి, ఒకే పేరుతో మళ్లీ మళ్లీ వచ్చిన మొత్తాలను గుర్తించాలి. ఏడాదికోసారి కట్ అయ్యేవి కూడా ఉంటాయి కాబట్టి, వీలైతే 12 నెలలవీ చూడటం మంచిది.

2. తర్వాత కంపెనీ దగ్గర రద్దు చేయాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిచి, ప్రొఫైల్ బొమ్మ నొక్కితే పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్ కనిపిస్తుంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో పేరు మీద నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ ఉంటుంది. నేరుగా వెబ్‌సైట్‌లో తీసుకున్నదైతే అక్కడి అకౌంట్ పేజీలోనే రద్దు చేయాలి. రద్దయినట్టు వచ్చిన మెయిల్‌ను లేదా స్క్రీన్‌షాట్‌ను దాచుకోవాలి. రేపు గొడవ వస్తే అదే సాక్ష్యం.

3. ఆ వెంటనే బ్యాంకు యాప్‌లో లేదా నెట్ బ్యాంకింగ్‌లో కార్డు విభాగానికి వెళ్లి, ఈ-మ్యాండేట్ లేదా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ జాబితా తెరిచి, అక్కడ కూడా రద్దు చేయాలి. రద్దు చేయడానికి కూడా ఓటీపీ వస్తుంది. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపి ఉంటే, యూపీఐ యాప్‌లోని ఆటో పే జాబితాను విడిగా చూడాలి.

4. అప్పటికీ డబ్బు కట్ అయితే బ్యాంకులో డిస్ప్యూట్ వేసి, దాచిన రుజువు జత చేయాలి. ఫిర్యాదు నంబరు తప్పక రాసుకోవాలి. మిగతా బిల్లును మాత్రం గడువులోపే కట్టేయాలి.

ఇంట్లో ఎవరూ అనుమతి ఇవ్వని కోత అయితే సంగతి వేరు. వెంటనే కార్డు బ్లాక్ చేయించాలి. రిజర్వ్ బ్యాంక్ 2017 నిబంధనల ప్రకారం, ఖాతాదారుడి తప్పు లేకుండా బయటివారి వల్ల జరిగిన మోసాన్ని మూడు పనిదినాల్లో చెబితే నష్టం ఆయన మీద పడదు. అయితే ఇంట్లో పిల్లలే ఓటీపీ చూసి కొట్టినదాన్ని బ్యాంకు మోసంగా ఒప్పుకోవడం కష్టం. అందుకే ఫిర్యాదుకు ముందు ఇంట్లో ఒకసారి అడిగి తెలుసుకోవాలి.

బ్యాంకు వినకపోతే?

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఇందుకు ఫీజు లేదు. సమాచారానికి టోల్ ఫ్రీ నంబరు 14448. రద్దు బటన్ దొరక్కుండా తిప్పలు పెట్టే కంపెనీల మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు. సబ్‌స్క్రిప్షన్‌లో చేరడం తేలిక చేసి, బయటపడటం కష్టం చేయడాన్ని 2023 నవంబర్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు అనుచిత పద్ధతుల్లో చేర్చాయి.

గల్ఫ్‌లో ఉన్నవారు గమనించాల్సినది

కొడుకు సౌదీలోనో దుబాయ్‌లోనో ఉంటాడు, ఇక్కడి కార్డు మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఇండియా సిమ్‌కు రీఛార్జ్ లేకపోతే ముందు రోజు మెసేజ్ చేరదు, రద్దు చేయడానికి ఓటీపీ కూడా రాదు. కాబట్టి వెళ్లే ముందే మ్యాండేట్ల జాబితా చూసుకుని అక్కరలేనివి తీసేయాలి. బ్యాంకులో ఈమెయిల్ నమోదై ఉందో లేదో సరిచూసుకోవాలి, సిమ్‌ను బతికించి ఉంచాలి. కార్డుతో పనే లేకపోతే మూసేయమని కోరవచ్చు. బకాయి లేకపోతే ఏడు పనిదినాల్లో బ్యాంకు మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే కట్టాలని 2022 నిబంధన.

చివరిగా ఒక జాగ్రత్త. కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికి మోసగాళ్ల చేతిలో పడినవారు చాలామంది. కార్డు వెనక ఉన్న నంబరుకే ఫోన్ చేయాలి. డబ్బు వాపసు ఇస్తామని ఎవరైనా ఓటీపీ అడిగితే చెప్పకూడదు. పొరపాటున చెప్పేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకు ఫోన్ చేయాలి.