తల్వార్ కాదు, ఛురీ: ఒక కార్ఖానా కత్తి తారీఖ్

తారీఖ్ పుస్తకాల్లో తల్వార్లకు పేర్లున్నాయి. వాటిని పట్టిన బాద్‌షాల పేర్లూ ఉన్నాయి. ఇంట్లో, పొలంలో, జంగల్లో రోజంతా పనిచేసే ఛురీకి మాత్రం పేరు లేదు. ఉర్దూ మీడియంలో చదువుకున్న మా తరానికి షంషీర్, ఖంజర్ అన్న లఫ్జులు షాయరీతో పాటే వచ్చాయి. ఛురీ మాత్రం బావర్చీఖానాలోనే ఉండిపోయింది. బక్రీద్ ముందు సానపట్టేవాడి దగ్గర నిలబడ్డప్పుడు తప్ప దాని ధార్ గురించి ఎవరం ఆలోచించం. అందుకే ఈసారి ఒక మామూలు ఛురీ కథ.

జంగల్‌కో, చేపల వేటకో, పొలం పనికో తీసుకెళ్లడానికి మడత చాకు అంత మంచిది కాదు. మడత ఉన్నచోట కీలు ఉంటుంది. మట్టి, తడి, కొవ్వు చేరేది అక్కడే. జోరుగా ఒత్తితే ముందు వదులయ్యేదీ అదే. అలుగు కదలని కత్తికి ఆ కమ్‌జోరీ లేదు. మియాన్‌లోంచి తీస్తే పనికి తయార్.

కార్ఖానాలో తయారయ్యే అలాంటి కత్తుల్లో మూడు దునియా అంతా మషూర్. మొదటిది కేబార్. రెండో ప్రపంచ జంగ్‌లో అమెరికా మెరైన్ ఫౌజ్ చేతికి వచ్చిన కత్తి. 7 అంగుళాల అలుగు, తోలు బిళ్లలు పేర్చి బిగించిన దస్తా. రెండోది బక్ 119. కాన్సాస్‌లో లోహార్ పని నేర్చుకున్న హాయ్ట్ బక్ పేరుతో వచ్చిన కంపెనీది. 6 అంగుళాల అలుగుతో షికారీల పసంద్‌గా పేరు తెచ్చుకుంది. మూడోది స్వీడన్‌లోని మోరా కత్తి. అలుగు 4 అంగుళాలే. సూరత్ సాదా, ధర మిగతా రెండింటి కంటే చాలా తక్కువ. ఒకటి సిపాయిది, ఒకటి షికారీది, ఒకటి మజ్దూర్‌ది. నన్నడిగితే నా పసంద్ మజ్దూర్ కత్తే. దానికి సగం కారణం ధార్‌లో ఉంది, సగం తారీఖ్‌లో ఉంది.

ముందు ధార్ సంగతి. మామూలు కత్తికి అంచు దగ్గర చిన్న వాలు విడిగా ఉంటుంది. సానరాయి మీద ఆ వాలు ఎంతో అందాజాగా పట్టుకోవాలి. చేయి కాస్త తిరిగితే ధార్ పోతుంది. మోరా కత్తికి అలుగు మధ్య నుంచి అంచు దాకా రెండు వైపులా ఒకే వెడల్పాటి వాలు. దాన్ని రాయి మీద బల్లపరుపుగా ఆనిస్తే చాలు, కోణం దానంతటదే కుదురుతుంది. ఉస్తాద్ అక్కర్లేదు, కొత్తగా నేర్చుకునే పిల్లాడు కూడా ధార్ పెట్టుకోగలడు. పాత పద్ధతి మోరా కత్తుల్లో ఇంకో హునర్ ఉంది. మధ్యలో గట్టి ఫౌలాద్, దానికి రెండు పక్కలా మెత్తటి ఫౌలాద్. గట్టిది ధార్ నిలబెడుతుంది, మెత్తటిది విరగకుండా కాపాడుతుంది.

ఐబ్‌లు లేవని కాదు. కార్బన్ ఉక్కుది కొంటే తుప్పు ఖాయం. నిమ్మకాయ కోసినా, గోష్ట్ కోసినా వెంటనే తుడిచి కాస్త నూనె రాయాలి. మన కోస్తా గాలికి స్టెయిన్‌లెస్ రకమే నయం. అలుగు వాలు దగ్గర మందంగా ఉంటుంది కాబట్టి గట్టి కూరగాయను కోసేటప్పుడు సన్నటి ముక్క రాదు, పగిలినట్టు విడిపోతుంది. ఎముకలు కొట్టడం దీని పని కాదు. చెక్క దస్తా ఉన్న పాత నమూనాకు వేలు జారకుండా అడ్డు ఉండదు. పిల్లల చేతికి ఇస్తే అడ్డు ఉన్నదే ఇవ్వాలి.

ఇక తారీఖ్. స్వీడన్ నడిమధ్యన దలార్నా ఇలాఖాలో సిల్యాన్ సరస్సు ఒడ్డున మోరా ఉంది. దాని పక్క ఊరు ఓస్ట్‌నూర్. అక్కడ జమీన్ చిన్నది, చలికాలం పెద్దది. సేద్యంతో కడుపు నిండక ఆ కిసాన్లు గోడగడియారాల పని పట్టారు. ఒక ఖాందాన్ పళ్లచక్రాలు చేస్తే ఇంకో ఖాందాన్ పెట్టె చేసేది. 19వ సదీలో బయటి దేశాల కార్ఖానాల నుంచి సస్తా గడియారాలు వచ్చిపడ్డాయి. ఆ హునర్ బజార్‌లో ఓడిపోయింది.

అదే ఊరి మనిషి ఫ్రోస్ట్ ఎరిక్ ఎర్సన్. అమెరికా అడవుల్లో చెట్లు కొట్టే కూలీగా కొన్నేళ్లు పనిచేసి వాపస్ వచ్చాడు. 1891లో ఓస్ట్‌నూర్‌లో దుంగలు లాగే మంచుబండ్ల కార్ఖానా పెట్టాడు. అక్కడే చిన్నగా కత్తులూ చేశారు. చివరికి కత్తులే నిలిచాయి. 1912లో ఆ ఇలాఖాలోనే క్రోంగ్ యోహాన్ ఎరిక్సన్ ఇంకో కార్ఖానా తెరిచాడు. ఈ రెండూ 2005లో ఒక్కటయ్యాయి. ఇవాళ దునియా అంతా పోయే మోరా కత్తి ఆ చిన్న ఊరిదే.

ఇప్పుడు మన వైపు చూద్దాం. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం ఉంది. అక్కడి మూసల్లో కరిగిన ఉక్కు ముద్దలు ఈరాన్ దాకా పోయేవి. సర్వే పనిలో తిరిగిన డాక్టర్ హెన్రీ వాయ్సీ 1820ల మొదట్లో ఆ ఊరు చూసి, ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన సౌదాగర్ గురించి రాశాడు. ఆ కాలంలోనే లండన్‌లో మైకేల్ ఫారడే, కత్తుల కారీగర్ జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి హిందూస్థాన్ ఉక్కు రాజ్ తెలుసుకోవాలని తజుర్బాలు చేశాడు. వాళ్లు వూట్జ్ అన్న మాట మన ‘ఉక్కు’ లాంటి దక్కన్ లఫ్జు నుంచే పుట్టిందని చాలామంది అంటారు.

దమిష్క్ తల్వార్లకు జాన్ పోసింది ఇలాంటి ఉక్కే. అయినా సదీ తిరిగేలోగా ఆ బట్టీలు చల్లారాయి. విలాయత్ నుంచి సస్తా ఉక్కు వచ్చింది. తల్వార్ అడిగే దర్బార్లు తగ్గాయి. హునర్ చేతుల్లో ఉంది గానీ దాన్ని కార్ఖానా దాకా తీసుకెళ్లే సర్మాయా కారీగర్ దగ్గర లేదు, హుకూమత్‌కు పట్టలేదు. ఓస్ట్‌నూర్ కూడా ఒకసారి బజార్‌లో ఓడింది. తేడా ఏమిటంటే, ఆ ఊరు బాద్‌షా ఖరీదు చేసే చీజ్ వైపు పోలేదు. చెట్టు కొట్టేవాడికి, చేప కోసేవాడికి రోజూ అవసరమైన చీజ్ చేసింది. అడిగేవాళ్లు ఎప్పటికీ ఉన్నారు.

ఇంకో మాట. ఎర్సన్ పరాయి దేశంలో కూలీ చేసి వచ్చినవాడు. గల్ఫ్ వెళ్లి వచ్చినవాళ్లు లేని మొహల్లా మనకూ లేదు. వాళ్లు తెచ్చిన పైసలతో మకాన్లు లేచాయి, బేటీల షాదీలు జరిగాయి. అవేమీ తక్కువ పనులు కావు. కానీ ఎడారిలో వెల్డింగ్, ఫిటింగ్, బండి మరమ్మతు నేర్చిన ఆ చేతుల ఇల్మ్‌ను ఎవరు ఖాతాలో రాశారు? స్వీడన్ బడుల్లో చేతిపని తప్పనిసరి పాఠం. మన ఇళ్లలో చేతిపని అంటే చదువు రానివాడి పని.

పసందైన కత్తి ఏదంటే నా జవాబు ఇదే. చేతికి ఒదగాలి, మజ్దూర్ జేబుకు అందాలి, కొన్నవాడే ధార్ పెట్టుకోగలగాలి. కోనసముద్రం వారసులమని ఫఖ్ర్ చేసుకునే మనం, వచ్చే బక్రీద్‌కు ఛురీ పదును పెట్టడం పిల్లలకు నేర్పితే ఆ ఫఖ్ర్‌కు కాస్త హక్కు దొరుకుతుంది.