ఉషబ్తీలు

ప్రాచీన ఈజిప్టులో శవంతోపాటు సమాధిలో ఉంచిన చిన్న బొమ్మలే ఉషబ్తీలు. పరలోకంలో మృతుడి మీద పడే పనిని అతడి బదులు ఇవి చేస్తాయని నమ్మేవారు.

మృతుల దేవుడు ఒసిరిస్ ఏలే ఆ లోకంలో పొలాలు విరగపండుతాయి. అయితే అక్కడా దున్నాలి, నీరు పెట్టాలి, ఇసుక మోయాలి. నైలు వరద మీద బతికే దేశంలో కాలువలకూ గట్లకూ రాజు జనాన్ని వెట్టికి పిలిచేవాడు. ఆ పిలుపు చావుతో ఆగుతుందని వారు అనుకోలేదు.

తొలి బొమ్మలు క్రీ.పూ. 2000 ప్రాంతానివి. మైనంతోనో మట్టితోనో చేసి, నారబట్ట చుట్టి, బుల్లి శవపేటికల్లో పెట్టేవారు. అంతకు వెయ్యేళ్ల ముందు, అబైదోస్‌లో జెర్ రాజు సమాధి చుట్టూ మూడు వందల మందికి పైగా పరివారాన్ని పాతిపెట్టారు. ఆ నరబలికి బదులుగానే బొమ్మలు వచ్చాయనే వాదన ఉంది కానీ, అది నిలవదు. నడుమ అంత ఎడం ఉంది; పైగా తొలి బొమ్మల మీద ఉన్నది సేవకుడి పేరు కాదు, మృతుడి పేరే.

పని పిలుపు వస్తే బొమ్మ తానున్నానని పలకాలి. అందుకైన మంత్రం మొదట శవపేటికల మీద, ఆపైన 'మృతుల గ్రంథం' 6వ అధ్యాయంలో కనిపిస్తుంది. కొత్త రాజ్యం నాటికి బొమ్మల చేతికి పారలు, వీపు మీదికి విత్తనాల సంచి వచ్చాయి. 1922లో బయటపడ్డ టుటన్‌ఖామున్ సమాధిలో 413 ఉషబ్తీలున్నాయి: రోజుకొకటి చొప్పున 365 కూలీలు, పదిమందికొకరుగా 36 మేస్త్రీలు, నెలకొకరుగా 12 మంది పైఅధికారులు. వాటికి 1,866 చిన్న పనిముట్లు. కొన్నింటిని సేనాని నఖ్త్‌మిన్ వంటి కొలువువారు కానుకగా ఇచ్చారు.

21వ రాజవంశం నాటికి మృతుడి ప్రతిరూపం కాస్తా బానిస అయింది, మేస్త్రీ చేతికి కొరడా వచ్చింది. అయినా దబాయించి పని చేయించుకోవడం న్యాయం కాదనే శంక మిగిలే ఉంది. ప్రధాన పూజారి రెండవ పినెజెమ్ భార్య నెస్‌ఖోన్స్ కోసం అమున్ దేవుడి పేర వెలువడిన ఆజ్ఞ పలకల మీద దొరికింది. బొమ్మలు చేసినవారికి చెల్లించిన సొమ్ము ఆ బొమ్మలకు కూలి కిందే లెక్క, కనుక అవి పని చేసి తీరాలన్నది దాని సారాంశం. ఈజిప్టు మతం గురించి ఇంత మానవీయమైన సాక్ష్యం మరొకటి అరుదు.

క్రీ.పూ. 7వ శతాబ్దిలో తహర్కా రాజు నూరీలోని తన పిరమిడ్‌లో వెయ్యికి పైగా రాతి ఉషబ్తీలను పెట్టించుకున్నాడు. టాలెమీల కాలంలో ఈ ఆచారం అంతరించింది.